ఫిల్టరుకు అవుతలి దిక్కు

కూసో సార్ అంటే కూసోడు, నీడకు రా సార్ అంటే రాడు, నెత్తి మీదికొచ్చి నిలవడ్డడు. మార్కండేయ ప్లాస్టిక్ కుర్చీని రెండుసార్లు తుడిచి ఏసిండు. ఆ కుర్చీ దిక్కు ఆయన చూసిన చూపుకు కుర్చీనే సిగ్గువడాలె. సరే నిలవడనీ, కాళ్లు గుంజితే ఎవనియి గుంజుతయి. పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీది నగల దుకాండ్ల ఎనుక ఈ సందుల పదకొండు గంటలకే మార్కండేయ మెకానిక్ షెడ్డు రేకులు పెనమైనయి. ఆ రేకుల కింద ఇటలీల తయారైన నాలుగు తలుపుల బండి, ముక్కు మీద త్రిశూలం, బానెట్ లేపుకొని ఉన్నది. సందుల పోయేటోడు ఒక్కొక్కడు ఆగి, నోరు తెరిచి చూసి, మళ్ల పోతుండు. "ఎంతసేపు పడుతుందయ్యా?" అన్నడాయన గడియారం చూసుకుంట. "గంట సార్." "రెండు ఫిల్టర్లు మార్చడానికి గంటా? మూత తీసి పెట్టెయ్యడమే కదా." పెట్టేయ్ మరి. నువ్వే పెట్టుకో. గింత తెలిసినోనివి ఈ గల్లీకి ఎందుకొచ్చినవ్? ఈ మాట బయటికి రాలే, పండ్ల ఎనుకనే ఆగింది. ఎందుకొచ్చిండో మార్కండేయకు ఎర్కనే. ఈ బండిని చూసే షోరూం హైదరాబాద్‌ల లేదు. లారీ మీద ఎక్కించి బొంబాయి తోలాలె. రేపు బంద్, ఎల్లుండి ఇంకో బంద్, రోడ్డు మీద ఇసొంటి బండి కనవడితే యాడ రాయి వడ్తదో అని బుగులు. ఎవరో చెప్పిండ్రట, పంజాగుట్టల ఒకడున్నడు, దుబాయ్‌ల ఏడేండ్లు ఇసొంటి బండ్ల కిందనే బతికొచ్చిండు అని. కొత్త ఫిల్టర్లు సుత ఆయననే దుబాయ్‌కెళ్లి తెప్పించుకున్నడు, రెండు అట్టడబ్బలు సంకల వెట్టుకొని నిలవడ్డడు. మార్కండేయ చేతికిస్తే యాడ మాయం చేస్తడో అని ఆయన అనుమానం.

పేరు కేదార్. చెప్పే పనే లేదు, ఆ పేరు తెల్వనోడు అమీర్‌పేట్‌ల ఉండడు. మైత్రీవనం కాడ నిలవడి నెత్తి లేపితే ఇరవై ఫీట్ల ఫ్లెక్సీల ఈ మొఖమే, టై కట్టుకొని, చేతులు కట్టుకొని, "మూడు నెలల్లో జావా, ఆరు నెలల్లో జాబ్" అనుకుంట నవ్వుతది. బోరబండ ఇంటికెళ్లి షెడ్డుకు, షెడ్డుకెళ్లి ఇంటికి, రోజుకు రెండుసార్లు స్కూటర్ మీద ఆ నవ్వు కిందికెళ్లే మార్కండేయ పోవాలె, రావాలె. రెండుసార్లూ ఉమ్మి ఊంచుతడు, అది అలవాటైంది. గిప్పుడు ఆ మొఖం ఎదురుంగ ఉన్నది, ఫ్లెక్సీ మీదికన్న చిన్నగ ఉన్నది, గడ్డం కింద కొవ్వు, మెడకు సెంటు వాసన. ఈయనకు మార్కండేయ ఎవడో తెల్వదు. ఎట్ల తెలుస్తది, రోజుకు వెయ్యిమంది ఆయన మెట్లెక్కుతరు దిగుతరు. ఆ వెయ్యిమందిల ఒక పిల్ల మార్కండేయ బిడ్డ ఉష. ఆ పిల్ల బతుకు ఖరాబ్ చేసింది ఈయననే. ఏడాదిన్నర సంది ఇంట్ల ఇదే మాట. ఆ మాట మొదలువెట్టింది సుత మార్కండేయనే. పొద్దున ఫోను జేసి "బండి తెస్తున్నాను, పేరు కేదార్" అన్నప్పుడు చేతిల పానా జారి కాలు మీద వడ్డది, నొప్పి సుత తెల్వలే. రా, అనుకున్నడు. నీ కాళ్ల మీద నువ్వే నడిచొస్తున్నవ్, రా.

ఎడమ దిక్కుది ముందు ఇప్పిండు. ఈ బండికి రెండు ముక్కులు, ఎడమకొకటి, కుడికొకటి. ఒక్కో ముక్కుకు ఒక నల్ల డబ్బ, డబ్బల మడతలు మడతలు కాయితం ఫిల్టరు. బయటి గాలి వస్తది, మట్టి, పొగ, దోమలు, వేపపూత అంతా ఫిల్టరుకు ఇవుతలనే ఆగుతది. అవుతలి దిక్కుకు ఒట్టి గాలే పోతది, ఆడికెళ్లి గొట్టం, గొట్టం ఎనుక ఇంజను. ఇవుతలి దిక్కు ఎంత గలీజున్నా ఫికర్ లేదు. అవుతలి దిక్కు చిటికెడు ఇసుక వడితే మాత్రం అయిపాయె, లోపల లోపల గీక్కుంట గీక్కుంట, వెయ్యి కిలోమీటర్లో రెండు వేలో, ఒకనాడు నల్లటి పొగ కక్కి కూసుంటది. ఏ మెకానిక్ చేసిండో కనుక్కునెటోడు సుత ఉండడు. దుబాయ్‌ల ఫోర్మెన్ కేరళాయన, ఈ డబ్బ మూత తీసే ముందు చేతులు కడుక్కొని రమ్మనెటోడు, పండుగనాడు పూజకు కూసునే ముందు కడుక్కున్నట్టు. సిరిసిల్లల మరమగ్గాల షెడ్డుల పదేండ్లు చేసి పోయిన మార్కండేయకు ఆ మాట ఒకడు చెప్పాల్నా. పత్తి దూది ముక్కుల వోయి పోయి, తెల్లారి లేస్తే దగ్గు, దగ్గితే తెల్లటి పోగులు. పండుకున్న పెండ్లాం మణెమ్మ లేచి ఈపు మీద గుద్దేది. ఆ దగ్గు నుంచి తప్పించుకుందామనే దుబాయ్ పోయిండు, బిడ్డను సదివిద్దామనే దుబాయ్‌కెళ్లి వచ్చిండు. ఎడమ డబ్బ తుడిచి కొత్తది పెట్టిండు, నాలుగు దిక్కుల ఏలుతోని ఒత్తి చూసిండు, మూత ఏసిండు. చేయి దాని పని అది చేసుకపోయింది. చేతికి పగ తెల్వదు, దిమాక్‌కే తెలుసు.

"పాతది ఇటివ్వండి" అన్నడు కేదార్. ఇచ్చిండు. ఆయన దాన్ని రెండు వేళ్ల నడుమ పట్టుకొని ఎండకు లేపి చూసి, మొఖం ముడుచుకొని, "ఛీ, ఎంత డస్ట్ ఊరయ్యా ఇది" అన్నడు. ఊరిదా దుమ్ము? ఊరంతా దుమ్ము లేపింది ఎవరు? అమీర్‌పేట్‌ల ఒక్క బిల్డింగ్‌ల నలభై ఇన్‌స్టిట్యూట్లు, రోడ్డు మీద పాంప్లెట్లు, లిఫ్టుల పాంప్లెట్లు, ఇరానీ చాయ్ కప్పు కింద పాంప్లెట్లు. ఉష మొదటి దినం ఇంటికొచ్చినప్పుడు సంచిల పదమూడు పాంప్లెట్లున్నయి, లెక్కవెట్టి నవ్వింది. గప్పుడు నవ్వేది. తెల్లారగట్ల ఐదింటికి లేచి, నెత్తి తడారకముందే సిటీ బస్సు, ఏడింటికి క్లాసు, మూడొందలమంది హాలు, కూసోను జాగ లేక మెట్ల మీద కూసొని రాసుకునేది. సదువు వచ్చింది, అదేం తక్కువ చెప్పొద్దు, ఆ పిల్ల తెలివికల్లది. కానీ నౌకర్లన్ని మూడేండ్లు చేసినోళ్లకే. చెయ్యకుంటే ఎట్ల చేసినోళ్లయితరు? గట్లనే అవుతరు, కాయితం ఉంటే అవుతరు. ఈయన కిందనే వివేక్ అని ఒకడుండె, బెంగళూరు యెలహంకల ఉన్నదని ఒక కంపెనీ పేరు మీద పన్జేసినట్టు కాయితం, జీతం చీటీలు, అన్నీ వాడే ఇచ్చిండు. కంపెనీ లేదు, పేరే ఉన్నది. అందరూ చేస్తున్నరు బాపు, అన్నది ఉష, క్లాసుల సగంమంది గట్లనే చేరిండ్రు. మార్కండేయ ఊకున్నడు. ఊకున్నడు అంటే ఒప్పుకున్నడు. గచ్చిబౌలిల అద్దాల బిల్డింగుల నౌకరి వచ్చింది, మెడల తాడు కట్టిన కార్డు. ఇంటికొచ్చినంక సుత ఆ కార్డు మెడల్నే ఉంచుకొని అన్నం తినేది. మణెమ్మ దాన్ని ముట్టి ముట్టి చూసేది. ఇదంతా తొమ్మిది నెలలు.

అటెన్క ఒక దినం పగటాల్ల ఇంటికొచ్చింది, చేతిల పాలితీన్ కవరు, అండ్ల టిఫిన్ డబ్బ, ఒక దేవుని బొమ్మ, నీళ్ల సీస. కార్డు లేదు, కాయితం దొంగది అని పట్టుకున్నరట. గేటు దాక సెక్యూరిటీ వచ్చి ఇడిచిపెట్టిండట. మళ్ల ఏ కంపెనీ మెట్లెక్కకుండ పేరు రాసిపెట్టుకుంటరట. ఏడ్వలే. ఏడిస్తే అయిపోయేది. ఒక నెలకు మాట తగ్గింది, రెండు నెలలకు అన్నం తగ్గింది, మూడో నెల గోడ దిక్కు తిరిగి కూసున్నది. ఎర్రగడ్డ దవాఖానకు తీస్కపోయిండు స్కూటర్ మీద. దోస్తులల్ల ఎవడన్న పిచ్చిమాట మాట్లాడితే ఎర్రగడ్డకు పంపాల్రా నిన్ను అని తనే నవ్వుకుంట అన్నోడు, ఇరవైసార్లు అన్నోడు. ఆ గేటు కాడ బిడ్డను దించుతుంటే ఆ ఇరవైసార్లూ గుర్తుకొచ్చినయి. డాక్టరమ్మ మంచిది, ఓపిక మీద మాట్లాడింది, మందులిచ్చింది. గిప్పుడు మంచిగనే ఉన్నది, అంటే లేస్తది, వండుతది, చీరెలకు ఫాల్స్ కుడ్తది. బిడ్డా జర బయటికి పోదమా అంటే సరే బాపు. పోవద్దా అంటే సరే బాపు. ఉప్పెక్కువైంది అంటే సరే బాపు. లోకంల ఎవ్వలతోని మాట్లాడదు, అందరూ మోసగాండ్లే అంటది, ఒక్క బాపు తప్ప. ఆ ఒక్క బాపు కంచం ముందట కూసుంటే అన్నం తనే ఏస్తది.

కుడి దిక్కు డబ్బ మూత ఇప్పిండు. పాత ఫిల్టరు లేపి, మోకాలు మీద కొట్టిండు, దుమ్ము పొడి పొడిగ అరచేతిల వడ్డది, బూడిద రంగుది, మెత్తగ, మధ్యల గరుకు ఇసుక. పిడికిలి మూసిండు. ఎదురుంగ నోరు తెరిచిన గొట్టం. లోపల, గాలిని లెక్కవెట్టే తీగ, ఎంటిక అంత సన్నం, ఎండకు మెరుస్తున్నది. కేదార్ అటు తిరిగిండు, ఫోను మోగింది ఆయనది. ఈపు కనవడుతున్నది, తెల్ల అంగి, ఈపు నడుమ చెమట. ఏమంటడు చూద్దాం, రెండు నెలలైనంక ఈ బండి రోడ్డు మీద ఆగితే ఏమంటడు. బెంగళూరు పోతుంటే నడి అడివిల ఆగాలె. భార్యాబిడ్డలున్నప్పుడు వద్దు, ఒక్కడున్నప్పుడు ఆగాలె. లారీలోడు సుత ఆపొద్దు. ఎవ్వడు సుత నీ మాట నమ్మొద్దు, నువ్వే కేదార్‌వి అంటే ఏ కేదార్ అనాలె. ఆ పిల్ల నీ మెట్ల మీద మూడు దినాలు నిలవడ్డది, ఒక్కసారి, ఒక్క నిమిషం, సార్‌ను కలుస్త అన్నది. నువ్వు లోపలున్నవ్, లోపలనే ఉండి లేడని చెప్పిచ్చినవ్, వాచ్‌మెన్ రెక్క పట్టుకొని దింపిండు. రెక్క! పెండ్లి కాని పిల్ల రెక్క పట్టుకొని! మార్కండేయ పిడికిలి జర వదులైంది. చిటికెడే. గొట్టంల సప్పుడు సుత కాలే, నల్లటి ప్లాస్టిక్ మీద బూడిద గీత ఒకటి వడ్డది, గంతే. మిగిలింది పిడికిట్లనే ఉన్నది, అది సుత పోసేద్దామనే చేయి లేపిండు.

కేదార్ గొంతు ఈ దిక్కు తిరిగింది, నవ్వుతున్నడు. "వివేక్, కొత్త బ్యాచ్‌కి రిఫరెన్స్ నంబర్లు మనవే ఇవ్వు. ఇంట్లో వాళ్ల నంబర్లు అస్సలు వద్దు. ఏంటి, ఎందుకా? అప్పుడే మర్చిపోయావా? అదే, ఆ అమ్మాయి వాళ్ల నాన్న! వెరిఫికేషన్ వాళ్లు ఫోన్ చేసి, ప్రొప్రైటరేనా మీరు, ఈ అమ్మాయి మీ దగ్గరే పనిచేసిందా అని అడిగితే, యెస్ సార్, వెరీ గుడ్ గర్ల్ సార్, మై డాటర్ సార్ అన్నాడు! ఆ కంపెనీలో మనవాడు చెప్పినప్పుడు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మాయి పేరేదో... ఉమ. ప్రతి బ్యాచ్‌కీ మొదటిరోజు ఇదే చెప్తున్నా, హాలంతా పడీపడీ నవ్వుతారు. సరే, ఉంటా."

లేపిన చేయి లేపినట్టే ఉన్నది. అరె. అరె, ఏమన్నడు. ఈ మాట లోకంల ఒక్క మనిషికే ఎర్క అనుకున్నడు మార్కండేయ, ఆ మనిషి తనే, తనతోనే కాట్లె కాలిపోతది అనుకున్నడు. హాలు హాలు నవ్వుతున్నదట. మూడొందలమంది, ఉష కూసున్న మెట్ల మీద కూసొని నవ్వుతున్నరట. ఉష చేరిన తొమ్మిది నెలలకు కంపెనోళ్లు కాయితాలు తనిఖీ జేసిన దినం గీ షెడ్డుల్నే ఉన్నడు, కంప్రెసర్ నడుస్తున్నది, ఒక జీపు కిందకెళ్లి బయటికొచ్చిండు ఫోనెత్తను. లేని కంపెనీకి ఓనరు ఉండాలె గదా, ఓనరు అనుకుంట మాట్లాడను ఇంట్ల పెద్దమనిషి నంబరు ఇయ్యుండ్రి అన్నరు ఇన్‌స్టిట్యూటోళ్లు, ఉష బాపు నంబరిచ్చింది. ఇంకెవ్వల నంబరిస్తది, బాపును మించిన నమ్మకం ఎవ్వలున్నరు. వారం దినాలు నేర్పించింది, పెండ్లి కార్డు ఎనుక తెలుగుల రాసిచ్చింది: ఎస్, షి వర్క్‌డ్ విత్ అస్, త్రీ ఇయర్స్, కాండక్ట్ ఈజ్ గుడ్. షెడ్డు గోడకు అతికిచ్చుకొని, బోల్టులు బిగించుకుంట సదువుకున్నడు. ఫోన్ల ఒకామె, పాలల్ల చక్కెర ఏసినట్టున్నది గొంతు. పెద్ద కంపెనీకెళ్లి తన బిడ్డ గురించి అడిగిన మొదటి మనిషి ఆమెనే. ఎట్ల ఉంటది ఉష, ఎట్ల పన్జేస్తది అని అడిగింది. గోడ మీద కార్డు కనవడుతనే ఉన్నది. కనవడినా ఏం లాభం, ఛాతి ఉబ్బింది, నోరు ఆగలే. వెరీ గుడ్ గర్ల్ సార్. మై డాటర్ సార్. ఆమెను పట్టుకొని సార్ సార్ అన్నడు. థాంక్యూ అన్నదామె, మంచిగ అన్నది, మార్కండేయ మురిసిపోయిండు. మళ్ల జీపు కిందికి పోయి పండుకున్నంక గదా నెత్తిమీద పిడుగు వడ్డది. ఓనరంటే ఓనరే. తండ్రి ఎట్లయితడు.

మూడు దినాలకు ఉష వచ్చి కవరు కింద వెట్టి, "ఎవరో చెప్పేసిండ్రు బాపు" అన్నది. చెప్పాలె గప్పుడు. నేనే బిడ్డా, నోరు జారింది, కొట్టు నన్ను అనాలె. "ఎవడు బిడ్డా?" అని అడిగిండు. అడిగిండు! నోటికి ఏం వచ్చిందో ఏమో, "వాళ్లే అమ్ముకున్నరు నిన్ను, ఆ ఇన్‌స్టిట్యూట్ లంగలే" అన్నడు, తొడ కొట్టి అన్నడు. ఆ మాట పట్టుకొనే పిల్ల పోయి మూడు దినాలు మెట్ల మీద నిలవడ్డది, నా మీద ఎందుకు చెప్పిండ్రు అని అడగను. చెయ్యని దానికి వాళ్లను అడగవోయింది. వాళ్లు దొంగలే, దొంగ కాయితం ఇచ్చినోళ్లే, రెక్క పట్టి దింపినోళ్లే, కానీ ఇది మాత్రం వాళ్లు చెయ్యలే. లోకమంత మోసం అని గోడ దిక్కు తిరిగిన పిల్లకు ఆ గోడ కట్టిచ్చింది బాపే. కట్టిచ్చి, పక్కకు కూసొని, ఆ పిల్ల ఏసిన అన్నం కలుపుకొని తిన్నడు. థూ. ఎవని మీద వోస్తున్నవ్‌రా మన్ను? వీని ఇంజను ఖరాబైతే నీ నోరు మంచిదైతదా? పిడికిలి ఇప్పి దుమ్ము కింద పారేసిండు, ప్యాంటుకు చేయి రుద్దిండు, రుద్దినా పోలే, చెమటకు బురదై ఏళ్ల సందుల అతుక్కున్నది.

పోయి చేతులు కడుక్కొచ్చిండు, సబ్బు పెట్టి, మోచేతుల దాక. వచ్చి గొట్టం క్లిప్పులు ఇప్పవట్టిండు. "అదెందుకు విప్పుతున్నారు? ఫిల్టర్ మార్చమంటే ఫిల్టరే మార్చండి, నా బండి మీద ప్రయోగాలు చెయ్యొద్దు" అని కేదార్ దగ్గరికొచ్చిండు. "లోపల దుమ్ము వడ్డది సార్." "ఎలా పడింది?" "నా చేతిలకెళ్లి వడ్డది." ఆయన కండ్లు పెద్దగైనయి, మొఖం ఎర్రగైంది. "కాస్తైనా జాగ్రత్త లేదా మీకు? ఏ బండి మీద చెయ్యి వేశారో తెలుసా అసలు? దుబాయ్ అన్నారు, ఇదేనా దుబాయ్?" తిట్టు. తిట్టు సార్, ఇంకా గట్టిగ తిట్టు, నువ్వు తిడుతున్న తప్పుకు కాదు గానీ తిట్టు. మార్కండేయ నెత్తి లేపలే. గొట్టం ఊడదీసి, ఎండకు పట్టి, మెత్త గుడ్డకు నూనె పట్టిచ్చి, ఏలుకు చుట్టి, తీగకు తగలకుండ, ఒక్కో రేణువు ఎత్తిండు. గుడ్డ మార్చిండు, మళ్ల తుడిచిండు. తెల్ల గుడ్డ తెల్లగ వచ్చే దాక తుడిచిండు. చిటికెడు పడను ఒక్క క్షణం వట్టింది, తియ్యను ఇరవై నిమిషాలు వట్టింది. కేదార్ అటు నడిచిండు, ఇటు నడిచిండు, చెమట కార్చుకుంట ఆఖరుకు ఆ కుర్చీల్నే కూసున్నడు.

కొత్త ఫిల్టరు పెట్టి మూత బిగించి, "కొట్టుండ్రి సార్ సెల్ఫ్" అన్నడు. ఇంజను లేచింది, సందుల గోడలు అదిరినయి, ఎదురింటి కిటికీల ఒక ముసలామె తొంగిచూసింది. చెవు వెట్టి ఇన్నడు, రెండు దిక్కుల ఒక్క తీరు గుంజుతున్నది గాలి. మంచిగున్నది. కేదార్ అద్దం దించిండు, ఎంతయ్యా అన్నడు, ఇచ్చిండు, గేరేసేటప్పుడు మార్కండేయ అద్దం మీద చేయి వెట్టిండు. "ఉమ కాదు సార్. ఉష."

"ఏంటి?"

"మీరు ఫోన్ల చెప్పిన పిల్ల. పేరు ఉష. ఆ తండ్రిని నేనే."

కేదార్ స్టీరింగ్ మీదికెళ్లి చేయి తీసిండు. ఫ్లెక్సీ మీద ఎన్నడూ చూడని మొఖం, కండ్లు అటూ ఇటూ పోతున్నయి. ఏసీ గాలి అద్దంలకెళ్లి వచ్చి మార్కండేయ చేతికి తగులుతున్నది. "అయ్యో... అదేదో సరదాకి... మార్కండేయ గారూ, మీరు ఆ రోజు ఒక్క ముక్క అనకుండా ఉంటే సరిపోయేది కదండీ" అన్నడు. గారు వచ్చింది నోట్లకెళ్లి. అటెన్క గొంతు సర్దుకొని, "అమ్మాయిని పంపించండి. ఫీజు వద్దు. కొత్త ఎక్స్‌పీరియన్స్ పెట్టిద్దాం, ఈసారి రిఫరెన్స్ మావాళ్లే మాట్లాడతారు, మీకే భయం వద్దు" అన్నడు. నిజంగనే అన్నడు, దయ మీదనే అన్నడు, గదే దిమాక్ ఖరాబ్ చేసింది. "పంపను. ఇంకో బ్యాచ్‌కు నా బిడ్డ ముచ్చట చెప్పినవని ఎర్కైతే, నేనే వచ్చి నీ హాలుల నిలవడ్త. నేను నవ్విపిస్త మీ పోరగాండ్లను. చూసుకో." సార్ పోయి నువ్వు వచ్చిందని, అన్నంక తనకే తెలిసింది. అద్దం పైకి లేచింది, బండి సందు దాటింది, మెయిన్ రోడ్డు మీద హారన్లల్ల కలిసింది.

పోయిందా, ఇగ ఎవల మీద కోపం చేస్తవ్? ఎదురుంగ ఎవ్వడు లేడు. ఈ ఊర్ల మూడొందలమందికి ఎర్కైన ముచ్చట ఆ ఇంట్ల ఒక్క పిల్లకే ఎర్కలేదు, ఇయ్యాల కాకుంటే రేపు ఎవ్వలో పాత సోపతి పిల్ల ఫోను జేసి నవ్వుకుంట చెప్తది. గప్పుడు ఆ ఒక్క బాపు సుత పోతడు. చెప్తే ఇప్పుడే పోతడు, తేడా గంతే. ఫోను తీసిండు, జేబుల పెట్టిండు, మళ్ల తీసిండు. మణెమ్మ ఎత్తింది. "ఉషకియ్యి." "ఏమైంది, గొంతు గట్లున్నది?" "ఇయ్యవే." ఎనుక కుట్టుమిషిను సప్పుడు, అది ఆగింది. "ఆ బాపు" అన్నది, ఎప్పటి లెక్కనే, నీళ్లల్లకెళ్లి మాట్లాడినట్టు. చెప్పిండు. సుట్టు తిప్పలే, జీపు కిందకెళ్లి లేచి ఫోనెత్తిన కాన్నుంచి, ఎవడు బిడ్డా అని అడిగిన దాక, వాళ్లే అమ్ముకున్నరన్న దాక చెప్పిండు.

"మూడు దినాలు నిలవడ్డ మెట్ల మీద" అన్నది.

"ఎర్కనే బిడ్డా."

"నువ్వే తోలినవ్ నన్ను. స్కూటర్ మీద నువ్వే దించినవ్, కింద నిలవడ్డవ్." గొంతు లేస్తున్నది, పగులుతున్నది. "నాతోని మందులు మింగిచ్చినవ్ బాపు! పొద్దుమాపు నీళ్లు తెచ్చిచ్చి మింగిచ్చినవ్!" ఎనుకకెళ్లి మణెమ్మ, ఏమైందే, ఏమైందే, అంటున్నది. "జర ఊకో అమ్మా!" అని అర్సింది ఉష. ఆ అరుపుకు మార్కండేయ ఫోను చెవుకాన్నుంచి దూరం గుంజుకున్నడు. ఆ ఇంట్ల ఏడాదిన్నర సంది ఎవ్వలు అర్వలే. "ఫోన్ల చెప్పుడు కాదు. ఇంటికి రా. వచ్చి నా మొఖం చూసి చెప్పు."

"వస్త బిడ్డా. సాయంత్రం..."

"ఇప్పుడు!"

పెట్టేసింది. మధ్యాహ్నం రెండు బండ్లు రావాల్సినయి ఉన్నయి, రానీ, చూసి పోతరు. షట్టరు గుంజిండు, తాళం ఏసిండు. దవాఖానకు తీస్కపోయిన దినం సుత ఇంత బుగులు కాలే. స్కూటర్ కిక్కు కొట్టి, పంజాగుట్ట సిగ్నల్ కాడ ఆగాల్సి వస్తే ఆగకుండ ఫుట్‌పాత్ ఎక్కిచ్చి, ఎవడో తిడుతుంటే ఇనకుండ, అమీర్‌పేట్ దిక్కు ఉరికిచ్చిండు. బిడ్డకు కోపమొచ్చింది, లేటు జేస్తే మళ్ల యాడ సల్లారిపోయి సరే బాపు అంటదో అని ఆయన భయం.